రోజూ చదువుతూనే ఉంటుంది, మరి ఫెయిల్ ఎందుకవుతోంది?

మీరు అడిగింది ఇదీ: మీ చెల్లి పదో తరగతి, ప్రీ ఫైనల్‌లో లెక్కలు 19, సైన్సు 28 వచ్చాయి. తెల్లవారుజామున నాలుగింటికే లేచి చదువుతుంది, నోట్సులన్నీ పూర్తిగా ఉన్నాయి, అయినా ఎందుకు ఫెయిలవుతోంది, పబ్లిక్ పరీక్షలకు ఇంకా ఆరు వారాలుంది కాబట్టి పాసవ్వాలంటే ఏం చేయాలి అని.

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పదిహేనేళ్లకు పైగా లెక్కలు చెబుతున్నాను. స్పాట్ వాల్యుయేషన్‌కి కూడా చాలాసార్లు వెళ్లాను. అక్కడ రోజంతా కూర్చుని, ఎవరివో తెలియని పేపర్లు ఒకదాని వెంట ఒకటి దిద్దుతుంటే కొన్నాళ్లకు ఒక విషయం అర్థమైంది. ఫెయిలయ్యే పేపర్లు ఖాళీగా ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. ఖాళీగా ఇచ్చినవి చాలా తక్కువ. ఎక్కువ పేపర్లు నిండుగానే ఉంటాయి, ప్రశ్న మళ్లీ అందంగా రాసి ఉంటుంది, కింద సూత్రం ఉంటుంది, ఒక్కోసారి అంకెలు కూడా ప్రతిక్షేపించి ఉంటాయి, సరిగ్గా అక్కడ ఆగిపోతుంది. రెండో మెట్టు ఉండదు. మళ్లీ తర్వాతి ప్రశ్న, మళ్లీ మొదటి మెట్టు, మళ్లీ ఆగిపోవడం. అంటే ఆ పిల్లకి ఆ లెక్క తెలుసు, చూసింది, ఎన్నోసార్లు నోట్సులో ఎక్కించుకుంది. కానీ పక్కన ఏమీ లేకుండా ఒక్కసారి కూడా మొదటి నుంచి చివరిదాకా తనంతట తాను చేసి ఉండదు.

చిన్న తరగతుల్లో చూచిరాత అని ఉంటుంది చూడండి, పైన ఉన్నది చూసి కింద రాయడం. మన పిల్లలు చాలామంది పదో తరగతి దాకా అదే చేస్తున్నారు. బోర్డు మీద మేం చేస్తాం, వాళ్లు దించుకుంటారు, అర్థమైందా అంటే అయింది మేడం అంటారు, గైడులో ఉన్నది నోట్సులోకి ఎక్కిస్తారు, నోట్సు సంతకానికి వస్తుంది, మేం టిక్కు పెడతాం. అందరూ పని చేసినట్టే ఉంటుంది. మీ చెల్లి నోట్సులు పూర్తిగా ఉన్నాయన్నారు కదా, నాకు దిగులు పుట్టించింది ఆ మాటే. నాలుగింటికి లేచి ఆ నోట్సునే తిరగేస్తుంటే ప్రతి లెక్కా తెలిసినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే జవాబు కళ్ల ముందే ఉంది. హాలులో ఆ నోట్సు ఉండదు.

నేనూ చాలాకాలం ఇదే పద్ధతిలో నడిపాను. జనవరి రాగానే ఇంపార్టెంట్ ప్రశ్నలన్నీ జిరాక్స్ తీసి ఇచ్చి బట్టీ పట్టించేదాన్ని, సాయంత్రం స్టడీ అవర్‌లో అందరూ గట్టిగా చదువుతుంటే క్లాసు బాగా నడుస్తోందని తృప్తిపడేదాన్ని. 2022 దాకా అలాగే గడిచింది. 2020లో, 2021లో కరోనా వల్ల పబ్లిక్ పరీక్షలే జరగలేదు, అందరినీ పాస్ చేశారు. 2022లో మళ్లీ పరీక్షలు పెడితే మన రాష్ట్రం మొత్తం మీద 67.26 శాతమే పాసయ్యారు, రెండు లక్షల మందికి పైగా పిల్లలు ఫెయిల్. మా బడిలో లెక్కల్లోనే క్లాసులో మూడో వంతు పోయారు. ఆ బ్యాచ్ తొమ్మిదో తరగతి చాలా భాగం బడి మొహం చూడకుండా గడిపింది, ఉన్న ఇళ్లలో ఫోన్లో పాఠాలు, లేని ఇళ్లలో అవీ లేవు. 2024కి రాష్ట్రంలో పాస్ శాతం 86.69కి వచ్చింది, 2025లో మళ్లీ 81.14కి తగ్గింది. ఒక ఏడాది పిల్లలు తెలివైనవాళ్లు, ఇంకో ఏడాది కాదు అని నేను అనుకోను. చేత్తో చేసే పని ఎంత జరిగిందన్నదే తేడా.

2022లో ఫెయిలైనవాళ్లకు సప్లిమెంటరీ క్లాసులు తీసుకున్నప్పుడు మొదటి రోజు పాఠం మొదలుపెట్టలేదు. తెల్లకాగితాలు ఇచ్చి చిన్న లెక్కలు వేశాను. −5−3 ఎంత అంటే సగం మందికి పైగా 8 అని రాశారు, మైనస్ మైనస్ ప్లస్ అవుతుంది కదా మేడం అన్నారు. 1/2 + 1/3 అంటే 2/5. వీళ్లకి నేను ఏడాదంతా వర్గ సమీకరణాలు చెప్పాను! ఆరో ఏడో తరగతిలో జారిపోయిన మెట్టు అది, ఆ తర్వాత చెప్పిన ప్రతి అధ్యాయమూ దాని మీదే నిలబడాలి. 2010 నుంచి విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిది దాకా పిల్లల్ని ఆపకూడదన్నారు, ఆ చట్టాన్ని నేను తప్పు పట్టను, ఆపేసి ఉంటే మా వైపు ఆడపిల్లలు ఎప్పుడో బడి మానేసేవాళ్లు. కానీ పైతరగతికి పంపేటప్పుడు ఎక్కడ వెనకబడిందో చూసి అది నేర్పి పంపాలి, ఆ పని సరిగా జరగలేదు, అందులో మా టీచర్ల వాటా ఉంది.

ఇంకో కారణం మీకు వర్తించకపోవచ్చు గానీ చెప్పకుండా ఉండలేను. మా మండలాల్లో పంటలు చేతికి రాని ఏడాది నవంబరు, డిసెంబరు వచ్చిందంటే ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి పోవడం అంటారు ఇక్కడ, గుంటూరు వైపు పత్తి తీతకు, మిరపకాయల కోతకు కుటుంబాలకు కుటుంబాలే లారీలు, ట్రాక్టర్లు ఎక్కి పోతాయి. పదో తరగతి పిల్ల కూడా వెళ్తుంది, చంటిపిల్లలను చూసుకోవడానికో, లేదా ఇంకో కూలి వస్తుందనో. సీజనల్ హాస్టళ్లు పెడతారు, కొంతమంది ఆగుతారు, ఆడపిల్లను వదిలి వెళ్లడానికి చాలామంది తల్లులకు మనసొప్పదు. అలా వెళ్లిన ఒకమ్మాయి 2022లో ఫిబ్రవరి చివర తిరిగొచ్చింది, లెక్కల్లో 22తో ఫెయిలయింది. ఆ అమ్మాయికి బుర్ర లేదని ఊళ్లో అన్నారు. మూడు నెలలు చేతిలో పుస్తకం లేని పిల్లను ఆ మాట అనడం అన్యాయం. సప్లిమెంటరీ క్లాసులకు రోజూ వచ్చింది, వాడేసిన కాగితాల వెనకవైపు రోజుకు మూడు లెక్కలే, కానీ చూడకుండా. 43 వచ్చాయి. తనకి చేయించిందే ఇప్పుడు ప్రతి బ్యాచ్‌తోనూ చేయిస్తున్నాను, మీకు చెప్పేదీ అదే.

ముందు మీ చెల్లి పక్కన కూర్చోండి. తను చేయగలిగిన లెక్క ఏదో తననే ఎంచుకోమనండి. నోట్సులో ఒకసారి చదివి, మూసేసి, తెల్లకాగితం మీద చేయాలి. ఆగిపోతే నోట్సు తెరిచి ఆగిన ఆ ఒక్క మెట్టు చూడాలి, మళ్లీ మూసి, మళ్లీ మొదటి నుంచి చేయాలి, మధ్యలోంచి కాదు. మొదటి రోజు ఒక లెక్కకు ముప్పావుగంట పట్టొచ్చు, ఏడుపు కూడా రావొచ్చు, అప్పుడు మాత్రం తిట్టకండి. మర్నాడు పొద్దున లేవగానే అదే లెక్క ఏమీ చూడకుండా మళ్లీ చేయించండి. రాత్రి చేసింది పొద్దునకి సగం పోతుంది, మామూలే, మూడోసారికి నిలబడుతుంది. రోజుకు మూడు చాలు. ఆరు వారాలంటే ఇంచుమించు నూట ఇరవై లెక్కలు. పాసవడానికి అన్ని కూడా అవసరం లేదు.

పేపర్ ఎలా ఉంటుందో తనకి తెలిసి ఉండాలి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి లెక్కల పేపర్లో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఎనిమిది మార్కుల ప్రశ్నలకు ఒక్కోదానికి రెండు ఇచ్చి ఏదో ఒకటి రాయమంటారు. పాస్ మార్కు 35, హిందీకి మాత్రం 20. 19 దగ్గరున్న పిల్లకి ఇంకో 16 కావాలి, అంతే, పుస్తకం మొత్తం కాదు. సాంఖ్యక శాస్త్రంలో సగటు, మధ్యగతం, బాహుళకం పట్టిక వేసి చేసేవి, అందులో కూడికలు, భాగహారం తప్ప కొత్తగా ఆలోచించాల్సింది లేదు, పిల్లలు తప్పు చేసేది సంచిత పౌనఃపున్యం కూడేటప్పుడే. గ్రాఫు లెక్క, స్కేలు రాయడం మర్చిపోకుండా. సంభావ్యత, పాచికలు, పేకముక్కలు, బంతులు. త్రికోణమితి పట్టిక 0 నుంచి 90 దాకా, దాన్ని రోజూ ఒకసారి చూడకుండా రాస్తే ఒక మార్కు, రెండు మార్కుల ప్రశ్నలు కొన్ని తేలిగ్గా దొరుకుతాయి. సరూప త్రిభుజాల సిద్ధాంతాల నిరూపణలు ఇప్పుడు ముట్టుకోవద్దు, 35 దాటుతుందని ధైర్యం వచ్చాక చూసుకోవచ్చు. వీటితో పాటు మైనస్ గుర్తులు, భిన్నాలు రోజూ పది నిమిషాలు చేయించండి, ఆరో తరగతి పుస్తకం తెచ్చి అయినా సరే. తనకి సిగ్గుగా ఉంటుంది, తలుపు వేసుకుని చేయండి.

ఇంకొకటి, మేం మార్కులు మెట్టు మెట్టుకీ వేస్తాం. జవాబు తప్పయినా సూత్రానికి, ప్రతిక్షేపణకి, సరైన పటానికి మార్కులుంటాయి. అందుకే కొట్టివేతలు చేయొద్దనండి. చేసిందంతా తప్పేమో అనుకుని నిలువునా గీత కొట్టేసిన సరైన లెక్కలను నేను ఎన్నిటినో చూశాను, కొట్టేసింది కాబట్టి మార్కు వేయలేక బాధపడ్డాను.

సైన్సులో పరిస్థితి వేరు. అక్కడ 28 అంటే చదివింది గుర్తుంది గానీ భాష అడ్డం వస్తోందేమో చూడండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది జవాబును శబ్దంలా గుర్తుపెట్టుకుంటారు, ఒక పదం జారితే మొత్తం పోతుంది. ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు ఉంటుంది, ఆ తెలుగు పేజీని పిల్లలు చూడనే చూడరు. తను ముందు తెలుగులో మీకు చెప్పాలి, గుండెలోంచి రక్తం ఊపిరితిత్తులకు ఎలా వెళ్తుందో వంటింట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పాలి, ఆ తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో సొంతంగా రాయాలి. వ్యాకరణం తప్పినా భావం ఉంటే మార్కు వస్తుంది. పటాలు, గుండె, నెఫ్రాన్, మెదడు, కటకాల కిరణ చిత్రాలు, ఇవి కూడా చూడకుండానే గీయాలి, భాగాల పేర్లతో సహా.

ఫోన్ గురించి ఒక్క మాట. వీడియో పాఠాలు చెడ్డవి కావు, కానీ వీడియో చూస్తున్నంతసేపూ ఎవరో చేస్తుంటే తను చూస్తోంది, అదీ చూచిరాత లాంటిదే. పది నిమిషాలు చూస్తే అరగంట చేయాలి.

నాలుగింటికి లేవడం కూడా ఆపించండి, నిజంగా చెబుతున్నాను. పదకొండుకు పడుకుని నాలుగింటికి లేచే పిల్ల బడిలో మధ్యాహ్నం క్లాసులు నిద్రమత్తులో వింటుంది. పదికి పడుకుని అయిదున్నరకు లేస్తే చాలు. హాలులో 3 గంటల 15 నిమిషాలు ఇస్తారు, అందులో మొదటి పావుగంట చదువుకోవడానికే. ఆ పావుగంటలో తనకి వచ్చినవి ఏవో గుర్తుపెట్టుకుని వాటితో మొదలుపెట్టాలి. మొదటి ప్రశ్న రాకపోతే టెన్షన్‌తో వచ్చినవి కూడా పోగొట్టుకున్న పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఇంట్లో ఒక్కసారైనా పాత పేపర్ పెట్టి, గడియారం ముందు పెట్టి, మధ్యలో లేవకుండా రాయించండి.

ఇంత చేసినా పోతే, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, పోయిన సబ్జెక్టులే రాస్తారు, అదే ఏడాది ఇంటర్‌లో చేరొచ్చు. మార్కుల మీద అనుమానముంటే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కి పెట్టుకోవచ్చు. ఈ మాట ఫలితాలు వచ్చాక కాదు, ఇప్పుడే తనకి చెప్పండి, మీ అమ్మానాన్నలు కూడా వినేలా చెప్పండి. ఫలితాల రోజు తనని ఒక్కదాన్నే గదిలో వదలకండి. తను బాగా కుంగిపోయినట్టు అనిపిస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫలితాలు వచ్చిన రోజు ఊళ్లో ఫోన్ మోగితే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఈ రాత్రి ఒక పని చేయండి. ఆ ప్రీ ఫైనల్ లెక్కల పేపర్ తీసి, ప్రతి ప్రశ్నా ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి. చాలా చోట్ల ఒకే రకం తప్పు కనిపిస్తుంది. అదేమిటో కింద రాయండి, ఏ అధ్యాయంతో మొదలుపెట్టాలో చెబుతాను.