అక్కతో మాట్లాడండి: "కనిపెట్టడం అంటే ఖాళీగా కూర్చోవడమేనా?"

ప్రశ్న: వందనాలు అక్కా. నాకు 33 ఏళ్లు, మాది ప్రకాశం జిల్లా. 2018 డీఎస్సీలో కొద్ది మార్కుల్లో ఎస్జీటీ టీచరు పోస్టు పోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూసి 2025లో మెగా డీఎస్సీ రాస్తే, 16,347 పోస్టుల్లో కూడా నాకు ఒక్కటి రాలేదు. జనవరి 1న చర్చిలో తీసిన వాగ్దానం కార్డు యిర్మీయా 29:11, ఒక దైవసేవకుడు ప్రవచనం కూడా చెప్పారు ఈ ఏడాదే అయిపోతుందని, కాలేదు. 21 రోజులు ఉపవాసం ఉన్నాను. ఇప్పుడు ఊళ్లో ప్రైవేటు స్కూల్లో 15 వేలకి రమ్మంటున్నారు, మా సంఘంలో ఒక ఆంటీ ఏమో "తొందరపడి ఇష్మాయేలుని కనకు, ఇస్సాకు కోసం కనిపెట్టు" అంటోంది, అంటే దేవుడిచ్చేదాకా ఎదురుచూడమని. చేరితే దేవుణ్ణి నమ్మనట్టేనా అక్కా? ఉద్యోగం వచ్చేదాకా పెళ్లి మాట కూడా ఎత్తొద్దంటోంది అమ్మ. - ఒక చెల్లి

జవాబు: చెల్లీ, ముందు ఆ కార్డు సంగతి చూద్దాం. మనందరి గోడల మీదా ఉండే వచనమే అది, సమాధానకరమైన ఉద్దేశాలు అని, కానీ దానికి పైనున్న 10వ వచనం ఏ కార్డు మీదా వేయరు ఎందుకో, అందులో 70 ఏళ్లు అని ఉంటుంది! అది బబులోనుకి చెరపట్టి తీసుకెళ్లిన వాళ్లకి యిర్మీయా రాసిన ఉత్తరం. అంతకుముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు, జనానికి ఎంత తియ్యగా ఉండుంటుందో ఆలోచించు, కానీ అది దేవుడు చెప్పిన మాట కాదు. నీకు "ఈ ఏడాదే" అన్నాయన మాట జరగకపోతే అది నీ విశ్వాసంలో లోపం కాదమ్మా, ఆ లెక్క చెప్పాల్సింది ఆయన.

మరి 70 ఏళ్లు ఆగాల్సిన వాళ్లని దేవుడు ఏం చేయమన్నాడు? పెట్టెలు సర్దుకుని గుమ్మంలో కూర్చోమనలేదు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. ప్రైవేటు స్కూల్లో పిల్లలకి ఎక్కాలు నేర్పడం నాకైతే అచ్చంగా ఆ తోట నాటడంలాగే కనిపిస్తోంది.

ఆ ఆంటీ ప్రేమతోనే అని ఉంటుంది, కానీ ఆ పోలిక అతకదు. అబ్రాహాముకి 75 ఏళ్లప్పుడు పిలుపు వచ్చింది, 86కి ఇష్మాయేలు పుట్టాడు, 100కి దేవుడు మాటిచ్చిన కొడుకు ఇస్సాకు, నిజమే. అక్కడ జరిగింది ఏంటంటే అబ్రాహాము, ఆయన భార్య శారా తమ ఆత్రానికి హాగరు అనే దాసిని వాడుకుని ఇష్మాయేలుని కన్నారు, తర్వాత ఆమెని బాధపెట్టారు. నువ్వు ఎవరి కడుపు కొడుతున్నావు? ఒళ్లు వంచి పని చేసుకుంటానంటే అందులో ఇష్మాయేలు ఎక్కడున్నాడో నాకు అర్థం కాలేదు.

ఇంకోటి, మన తెలుగు బైబిల్లో ఉన్న "కనిపెట్టు" అనే మాట నాకు చాలా ఇష్టం. ఇప్పుడు కనిపెట్టడం అంటే ఏదో కొత్తది కనుక్కోవడం అనుకుంటున్నాం గానీ, "బిడ్డని కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటారు చూడు, అదీ అసలు అర్థం. 130వ కీర్తనలో కావలివాడు తెల్లవారడం కోసం కనిపెడతాడు, తొందరపడితే పొద్దు ముందే పొడవదని వాడికి తెలుసు, అలాగని కావలి మానేసి పడుకోడు.

మీ జిల్లానే చూడు. ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కే ఉంటావు, 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జూయెట్ దొరగారు వాళ్లు అక్కడ మోకాళ్లూని ఒంగోలుకి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు, ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలుకి కాపురం వచ్చింది 1866లో. తర్వాత 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం పని కాంట్రాక్టుకి తీసుకుని జనానికి కూలి చూపించారు, వాళ్లు బాప్తిస్మం ఇమ్మంటే మాత్రం కరువు తీరేదాకా ఆగమన్నారు, తిండి కోసం చేరినట్టు కాకూడదని. ఆగమన్నారు గానీ పారా తట్టా కింద పెట్టమనలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది చెప్పి నీకూ ఇంత పెద్దది జరుగుతుందని ఊరించట్లేదు. డీఎస్సీ వస్తుందో రాదో నాకు తెలీదు, దేవుడు నీకు ఎస్జీటీ పోస్టు ఇస్తానని మాట ఇచ్చాడని నేను చెప్తే నేనూ హనన్యానే అవుతాను.

ఏడుపొస్తే ఏడువు, 13వ కీర్తన మొదలే "ఎన్నాళ్లు" అని అడుగుతుంది, అలా అడిగినందుకు దావీదుని ఎవరూ అవిశ్వాసి అనలేదు. స్కూల్లో చేరు, సాయంత్రాలు చదువుకో, వచ్చే నోటిఫికేషన్ రాయి. మళ్లీ 21 రోజుల ఉపవాసం మాత్రం ఇప్పుడే వద్దు, ముందు కాస్త తిండి తిను.

అమ్మ సంగతి అంటావా, యిర్మీయా రాసిన అదే ఉత్తరంలో 6వ వచనం ఆమెకి చదివి వినిపించు, చెరలో ఉన్నవాళ్లని కూడా పెళ్లిళ్లు చేసుకోమనే రాశాడు.