పద్నాలుగు మందితో తీరం వెంట

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ దీవెనలు. మీ పద్నాలుగు మంది యాత్రకు నువ్వు పంపిన ఊళ్ల జాబితా రెండుసార్లు చదివాను. నాలుగు రోజుల్లో సూర్యలంక, బందరు, అంతర్వేది, కాకినాడ, అన్నవరం, విశాఖ, భీమిలి! ఒళ్లో మనవడు, పక్కన 82 ఏళ్ల మా అమ్మ, వెనక సీట్లో అలిగిన తోడికోడలు ఉన్న బండి అలా పరుగెత్తదు నాయనా. ఖర్చు తగ్గించాలని అడిగావు కనుక ముందు కాకినాడ దాటి ఉన్నవన్నీ కొట్టేయి. విశాఖకు ఇంకోసారి రైల్లో వెళ్లండి.

పద్నాలుగు మందితో వెళ్లేటప్పుడు డబ్బు తినేది దూరం కాదు, ఆగడం. 30 ఏళ్ల కిందట మేము పదహారు మందిమి మెటాడోర్ వ్యానులో అన్నవరం చూసుకుని కాకినాడ బయలుదేరాం. నీకు గుర్తుండదు, మీ అమ్మ ఒళ్లో నిద్రపోతున్నావు. దారిలో ఏడుసార్లు ఆగాం. ఒకరికి టీ, ఒకరికి సోడా, ఒకరికి జామకాయలు. పది నిమిషాలని దిగితే మళ్లీ అందరూ ఎక్కేసరికి ముప్పావు గంట. చీకటి పడకముందే చేరాల్సినవాళ్లం రాత్రి పదిన్నరకు లాడ్జి మెట్లెక్కాం. గుమాస్తా మా ముఖాలు చూడలేదు, గోడ గడియారం చూసి ధర చెప్పాడు. మూడు గదులే ఉన్నాయట, అవీ రెట్టింపు. మీ పెదనాన్న, మీ నాన్న ఆ రాత్రి వ్యానులోనే దోమలకు విందు పెట్టారు. అప్పటినుంచి నా నియమం ఒక్కటే. రోజుకు రెండు మజిలీలు, సూర్యుడు ఉండగానే గది.

మీరంతా హైదరాబాదు నుంచి బండిలో రావద్దు. రాత్రి రైల్లో విజయవాడ చేరి, బండి అక్కడ ఎక్కండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఒక టికెట్టు మీద ఆరుగురికి మించి రాయరు కాబట్టి మూడు టికెట్లు తీయాలి. అమ్మమ్మకు కింది బెర్తు వచ్చే టికెట్టు ముందు తీయి. బండి 17 సీట్లది మాట్లాడు. పన్నెండు సీట్లది చాలు, పిల్లలు ఒళ్లో కూర్చుంటారని మీ నాన్న అంటాడు. వినకు. సామాను ఎవరి ఒళ్లో కూర్చుంటుంది?

బాడుగ దగ్గర ఒక కిటుకు ఉంది. బండివాళ్లు రోజుకు కనీసం ఇన్ని కిలోమీటర్లని లెక్క కట్టి, తిరిగినా తిరగకపోయినా ఆ డబ్బు తీసుకుంటారు. మీరు నాలుగు రోజులూ కలిపి తిరిగేది ఆరేడు వందల కిలోమీటర్లే. అందుకని రోజు బాడుగ విడిగా, డీజిల్ విడిగా మాట్లాడుకోవడం మీకు లాభం. డ్రైవరు బత్తా, అతని భోజనం, పడక, టోలు ఎవరివో ముందే కాగితం మీద రాయించుకో. ఎక్కిన ఊళ్లోనే దిగితే ఖాళీ బండి తిరుగు ఖర్చు ఉండదు. నేను చెప్పే దారి గుండ్రంగా తిరిగి విజయవాడకే రావడానికి కారణం అదే.

దారి ఇలా. తెనాలి మీదుగా బాపట్ల దిగి సూర్యలంక. అక్కడినుంచి 216 జాతీయ రహదారి పట్టుకుని రేపల్లె వైపు, పెనుమూడి దగ్గర కృష్ణ దాటి పులిగడ్డ, అవనిగడ్డ, బందరు. బందరులో రెండు రాత్రులు. అవును, రెండు. పెట్టెలు విప్పి మళ్లీ సర్దడమే పద్నాలుగు మందికి ఒక పూట పని. రెండో రోజు పొద్దున్నే మంగినపూడి, సాయంత్రం కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి లేదా పెడన కలంకారీ. రెండూ పెట్టుకోకండి. మూడో రోజు నరసాపురం, అంతర్వేది, అమలాపురం మీదుగా కాకినాడ. నాలుగో రోజు కోరంగి మడ అడవుల్లో చెక్క వంతెన మీద నడిచి, రాజమండ్రి మీదుగా విజయవాడ.

నరసాపురంలో గోదావరి దాటడానికి పంటు ఉంటుంది. బండితో సహా ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగొచ్చు. పిల్లలకు ఇష్టమైన ఆట అదే అవుతుంది, చూడు. నడుస్తోందో లేదో, మీ బండి ఎక్కించుకుంటారో లేదో ముందురోజే కనుక్కో. కాదంటే చించినాడ వంతెన ఉంది.

ఏ రోజులంటావా? సంక్రాంతి నాలుగు రోజులూ వద్దు. కోడిపందేలకు వచ్చేవాళ్లతో గోదావరి జిల్లాల్లో లాడ్జీలు నిండిపోతాయి. వర్షాకాలం ముగిసిందని డిసెంబరును నమ్మకు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనవరి 26 సెలవు కలిసొచ్చేలా చూసుకో, పిల్లలు రెండు రోజులు బడి మానితే కొంప మునగదు. పంచాంగం మాత్రం చూడు. భీష్మ ఏకాదశి ఆ చుట్టుపక్కల వస్తే అంతర్వేదిలో తీర్థం, కల్యాణం. దర్శనమూ దొరకదు, గదీ దొరకదు. ఇంకో మాట, జనవరిలో సముద్రపు ఒడ్డున ఏసీ గది ఎందుకు? ఫ్యాను గదులు నాలుగు తీసుకుని, అదనపు పరుపులు అడుగు.

తిండి సంగతి కోడలికి కూడా చదివి వినిపించు. మొదటి రోజు మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం నేను చేసి స్టేషనుకు తెస్తాను. పెరుగన్నంలో పెరుగు పోయను. మెత్తగా వండిన అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా తోడు వేసి కలుపుతాను. ఎనిమిదింటికి పాలన్నం, ఒంటిగంటకు కమ్మటి పెరుగన్నం. అప్పుడే పెరుగు కలిపితే సూర్యలంక చేరేలోగా పులిసిపోతుంది. తర్వాతి రోజుల్లో టిఫినుకు హోటల్లో దిగితే ఇడ్లీలే చెప్పండి. ఇడ్లీలు ఒక్క వాయిలో అందరికీ వస్తాయి, దోసెలు ఒక్కొక్కటే వస్తాయి. మొదటివాడు చెయ్యి కడుక్కునేసరికి చివరివాడి దోసె పెనం మీదే ఉంటుంది. మధ్యాహ్నం మెస్సులో కూర్చోకుండా పార్సిలు భోజనాలు కట్టించుకో. పార్సిలులో ఇద్దరికి సరిపడా అన్నం పెడతారు. ఎనిమిది పార్సిళ్లు, పైన రెండు కూరలు చెబితే మీ అందరికీ మిగులుతుంది కూడా.

నీళ్ల దగ్గర మాత్రం పొదుపు మాట వద్దు, జాగ్రత్త మాటే. ఒక్కో పిల్లకు ఒక పెద్దను పేరు పెట్టి అప్పగించు. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. మోకాలు దాటి ఎవరూ వెళ్లకూడదు, మీ అన్నయ్య ఈత గొప్పలు బావి వరకే. మంగినపూడిలో ఇసుక కాదు, నల్లమట్టి. ఆరితే దులిపినా పోదు. కాళ్లు కడగడానికి బండిలో 20 లీటర్ల క్యాను, పాత తువ్వాళ్లు ఉంచు. లేకపోతే బండి కడిగించిన డబ్బు కూడా మీ దగ్గరే వసూలు చేస్తారు.

డబ్బు ఒక్క సంచిలో ఉండాలి. పెద్దవాళ్లకు ఒక వాటా, పిల్లలకు అర వాటా, అమ్మమ్మకు లేదు. బయలుదేరే ముందే వేయించి కోడలి చేతికి ఇవ్వు. దారిలో "ఈ టిఫిను నాదిలే" అని ఎవరినీ ఇవ్వనీయకు. మీ పెదనాన్న అలా మూడు పూటలు ఇచ్చి, ఆ సంగతి పదేళ్లు చెప్పుకున్నాడు. పెడనలో కొనే దుప్పట్లు, చీరలు ఎవరివి వాళ్లవే.

కాకినాడ వెళ్లేటప్పుడు యానాం మీదుగానే వెళ్తారు. అది పుదుచ్చేరి కిందిది, డీజిల్ ధర తక్కువ. ట్యాంకు అక్కడ నింపించు. అక్కడ చవకగా దొరికేది డీజిల్ ఒక్కటే కాదని మీ నాన్నకు తెలుసు. బంకు దగ్గర ఆడవాళ్లను దిగనివ్వు, మగవాళ్లను దిగనివ్వకు.

అమ్మమ్మను తలుపు పక్క సీట్లో కూర్చోబెట్టు, ఎక్కడానికి చిన్న పీట ఒకటి బండిలో పడేయి. ఆమె మందుల సంచి పెట్టెలో కాదు, మీ అమ్మ భుజానికి ఉండాలి. బందరులో నాకు బెల్లంతో చేసిన లడ్డు అరకిలో తీసుకో. అది మాత్రం ఉమ్మడి సంచిలోంచి కాదు, నీ జేబులోంచి.

మీ పెద్దమ్మ