మేఘనా, ఆ టీ గ్లాసు గురించి ఎందుకు రాయలేదే?

ఏమే మేఘనా,

నువ్వు పంపిన వీడియోలు చూశా, నీ థ్రిల్లర్ ఎలా తీశావో చెప్తూ రాసిన ఆ రిఫ్లెక్షన్ డ్రాఫ్ట్ కూడా చదివా. వీడియో బాగుంది, డ్రాఫ్ట్ బాలేదు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా, ఇది మీ అమ్మకి మాత్రం ఫార్వర్డ్ చెయ్యకు, అక్క మళ్ళీ నా పిల్లని ఏడిపిస్తోంది అని ఫోన్ చేస్తుంది.

మీ బోర్డు వాళ్ళు అడిగింది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కేంబ్రిడ్జ్ ఏఎస్ లెవెల్ మీడియా స్టడీస్‌లో ఫిల్మ్ ఓపెనింగ్, అంటే ఒక సినిమా మొదలయ్యే ముక్క, తీసుకున్న పిల్లలందరికీ ఉండేదే, టైటిల్స్‌తో కలిపి రెండు నిమిషాలు దాటకూడదు, కథ కొత్తది అయ్యుండాలి, విజువల్స్ అన్నీ మీరు తీసినవే అయ్యుండాలి, మ్యూజిక్కూ సౌండ్ ఎఫెక్టులూ మాత్రం కాపీరైట్ గొడవ లేనివి బయట్నుంచి తెచ్చుకోవచ్చు. తీశాక రిఫ్లెక్షన్ కోసం నాలుగు ప్రశ్నలు, అందులో ఒకటి ఈ ప్రాజెక్టు మొత్తంలో నీ ప్రొడక్షన్ స్కిల్స్ ఎలా పెరిగాయి అని. దానికి నువ్వు ఏం రాశావు? మొదట్లో నాకు ఎడిటింగ్ రాదు ఇప్పుడు ప్రీమియర్ ప్రో బాగా వచ్చింది, కెమెరా యాంగిల్స్ గురించి చాలా నేర్చుకున్నాను, టీమ్‌వర్క్ విలువ తెలిసింది. ఇది నువ్వే రాయక్కర్లేదు, మీ క్లాసులో ఎవరు రాసినా ఇలాగే ఉంటుంది. అసలు కెమెరా ముట్టుకోనివాడు కూడా రాసెయ్యొచ్చు దీన్ని, అదీ నా బాధ.

ఎందుకంటే నువ్వు నిజంగా ఎదిగావు, అది వీడియోలో కళ్ళకి కట్టినట్టు కనపడుతోంది, డ్రాఫ్ట్‌లో మాత్రం ఎక్కడా లేదు.

మొదటి రఫ్ కట్, అదే నీ చిత్తు ఎడిటింగ్, గుర్తు చేసుకో. అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చి స్కూటీ సెల్లార్‌లోకి దింపుతుంది, స్టాండ్ వేస్తుంది, పిల్లర్ వెనక నల్ల హుడీ వేసుకున్నవాడు, చేతిలో కత్తి, ఢమాల్మని మ్యూజిక్. ఫైనల్‌లో వాడు లేడు. వాడి బదులు వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది, కుర్చీ మీద ఫోన్లో ఎఫ్ఎం మోగుతూనే ఉంది, కింద నేల మీద గాజు గ్లాసులో టీ, ఆ టీ మీద తొరక కట్టింది. ఒక్క క్లోజప్. నేను అక్కడ వీడియో ఆపేశాను తెలుసా, ఆపి వెనక్కి జరిపి మళ్ళీ చూశా. తొరక కట్టిందంటే పోసి చాలాసేపయింది, తాగలేదు, మనిషి లేచి వెళ్ళి చాలాసేపయింది, కానీ ఫోన్ వదిలేసి వెళ్ళాడు, ఈ కాలంలో ఫోన్ వదిలేసి ఎవడు వెళ్తాడు. ఇంత సంగతి ఒక్క డైలాగ్ లేకుండా చెప్పావు. హుడీవాడు కనపడగానే ఎవర్ని చూసి భయపడాలో తెలిసిపోయేది, ఇంక చూసేవాడికి పనేం మిగలదు, కూర్చుని తర్వాతేం జరుగుతుందో చూడ్డమే. టీ గ్లాసు దగ్గర చూసేవాడు తనే లెక్కలేసుకుంటాడు, ఆ లెక్క తేలదు, అందుకే భయం. థ్రిల్లర్ రాసేవాళ్ళకి ఇది ఒంటబట్టడానికి ఏళ్ళు పడుతుంది, నీకు రఫ్ కట్‌కీ ఫైనల్‌కీ మధ్యలో వచ్చింది. మరి డ్రాఫ్ట్‌లో ఏదీ ఆ ముక్క? వెతికాను, లేదు. ట్రాన్సిషన్లు నేర్చుకున్నాను అని ఒక పేరా ఉంది, ఫైనల్‌లో చూస్తే ఒక్క ట్రాన్సిషన్ లేదు తల్లీ, అన్నీ స్ట్రెయిట్ కట్లే!

కాబట్టి మొట్టమొదట రాయాల్సింది ఇది. హుడీవాణ్ణి ఎందుకు తీసేశావు, ఎవరైనా చెప్పారా, నీకే అనిపించిందా, ఎవరికి చూపించినప్పుడు నవ్వారు. నవ్వారనే అనుకుంటున్నా, ఎందుకంటే నల్ల హుడీ, అడవిలో పరుగు, అలారం కొట్టగానే ఉలిక్కిపడి లేవడం, గోడ మీద ఫోటోలకి ఎర్రదారం, ఇవి లేని స్టూడెంట్ థ్రిల్లర్ దొరకడం కష్టం. ఇలా కాపీ కొట్టే ఇంకోదానికి పుట్టిల్లు ఎక్కడో తెలుసుకుంటే నీ ఆన్సర్‌కి బలం వస్తుంది. 1995లో వచ్చిన డేవిడ్ ఫించర్ సినిమా సెవెన్‌కి కైల్ కూపర్ చేసిన టైటిల్స్ ఉన్నాయి కదా, మొహం కనపడకుండా చేతులు, బ్లేడు, నోట్‌బుక్కు, గీసిన అక్షరాలు, ప్రపంచంలో మీడియా స్టూడెంట్స్ అందరూ దాన్ని కాపీ కొట్టేవాళ్ళే. కానీ అక్కడ ఆ చేతులు ఊరికే పెట్టలేదు, ఆ సినిమాలో హంతకుడు చాలాసేపటి దాకా తెర మీదకి రాడు, వాడొకడున్నాడని ముందే ఒంట్లోకి ఎక్కించాలి కాబట్టి టైటిల్స్‌లో పెట్టారు. కాపీ కొట్టే పిల్లలు బ్లేడూ నోట్‌బుక్కూ తెచ్చుకుంటారు, ఆ అవసరం మాత్రం తెచ్చుకోరు. నీ టీ గ్లాసు చేసే పని కూడా అదే, లేని మనిషిని ఉన్నట్టు చెయ్యడం. కన్వెన్షన్స్ గురించి, అంటే ఆ రకం సినిమాల్లో అలవాటుగా వచ్చేవాటి గురించి, అడిగిన ప్రశ్నకి కూడా ఇదే పనికొస్తుంది, నువ్వు అక్కడ "నా ఫిల్మ్‌లో థ్రిల్లర్ కన్వెన్షన్స్ వాడాను" అని ఒక్క లైను రాసి ఊరుకున్నావు.

ఇంక ఆ ప్రాక్టీస్ వీడియో సంగతి. మీ మేడమ్ మొదట్లో చేయించింది కదా, ఒకమ్మాయి తలుపు తీసుకుని లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని ఎదుటి అమ్మాయితో రెండు ముక్కలు మాట్లాడేది. దాన్ని నువ్వు సిగ్గుపడి దాచేద్దామనుకుంటున్నావని అర్థమైంది, డ్రాఫ్ట్‌లో దాని ఊసే లేదు. దాచకు, అదే నీ పెట్టుబడి. అందులో దూరం షాట్లో కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకుంది, కట్ అవగానే దగ్గర షాట్లో ఎడం చెయ్యి ఉంది. మాట్లాడేటప్పుడు కెమెరా ఇద్దరి మధ్య గీత దాటి అవతలకి పోయింది, కెమెరా ఆ గీతకి ఒకే పక్కన ఉండాలన్న 180 డిగ్రీల రూల్ గంగలో కలిసింది, ఇద్దరూ ఒకే పక్కకి చూస్తూ గోడతో మాట్లాడుతున్నట్టున్నారు. ఇప్పుడు ఫైనల్‌లో లిఫ్ట్ బటన్ నొక్కే చోట చూడు. దూరం షాట్లో చెయ్యి లేస్తుంది, సగంలో కట్ పడుతుంది, దగ్గర షాట్లో ఆ వేలే వచ్చి బటన్ నొక్కుతుంది, కట్ పడిందని కూడా తెలీదు. తలుపు హ్యాండిల్ ముక్క, లిఫ్ట్ బటన్ ముక్క, ఈ రెండూ పక్కపక్కన ఒకే స్క్రీన్ మీద ప్లే అయ్యేట్టు పెట్టి కింద నీ గొంతుతో చెప్పు. మీ బోర్డు వాళ్ళకి ఆ రిఫ్లెక్షన్ డిజిటల్‌గానే ఇవ్వాలి కదా, మరి పేరాలు టైప్ చేసి స్లైడ్‌లో అతికించడం దేనికి, వాయిస్ ఓవర్ ఇవ్వు, సినిమావాళ్ళు డైరెక్టర్ కామెంటరీ ఇచ్చినట్టు. నువ్వు మాట్లాడితే బాగుంటుంది, రాస్తే మాత్రం గవర్నమెంట్ నోటీసులా ఉంది (ఏమనుకోకు).

ట్యూబ్‌లైట్ల గొడవ ఉంది చూశావూ, అది నాకు చాలా నచ్చింది. మొదటి రోజు ఫుటేజీలో సెల్లార్ గోడల మీద నల్లటి చారలు పైనుంచి కిందకి పాకుతున్నాయి. ఫైనల్‌లో లేవు. డ్రాఫ్ట్‌లో దీనికి నువ్వు రాసింది "కెమెరా సెట్టింగ్స్ నేర్చుకున్నాను". ఏ సెట్టింగ్? ఎందుకు? మీ నాన్నని అడిగితే ఫోన్లో నాకు చెప్పాడు, నువ్వు ఒక సాయంత్రం అంతా కూర్చుని కనిపెట్టావట. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, మన కంటికి తెలీదు కానీ ఫోన్ ఆటోలో ఉండి షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు తీసుకునే టైమ్, దాని ఇష్టమొచ్చినట్టు మారుతుంటే చారల్లా పడుతుంది. సెకనుకి 25 ఫ్రేములు పెట్టి షటర్ సెకనులో 1/50 వంతు దగ్గర లాక్ చేస్తే ప్రతి ఫ్రేముకీ సరిగ్గా రెండు మినుకులు పడతాయి, చారలు పోతాయి. నువ్వు చూసిన ట్యుటోరియల్స్‌లో 1/60 అని చెప్తున్నారంటే అవి అమెరికా వాళ్ళవి, వాళ్ళ కరెంటు 60 హెర్ట్జ్. ఇదంతా రాయవే! టెక్నాలజీ ఎలా వాడావు అన్న ప్రశ్నకి నువ్వు యాప్‌ల పేర్లు వరసగా రాసి పెట్టావు, ప్రీమియర్, కాన్వా, వాట్సాప్, గూగుల్ డ్రైవ్, అది జవాబు కాదు కిరాణా చీటీ. కొండాపూర్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పదహారేళ్ళ పిల్ల తన ఫోన్‌ని మన కరెంటుకి తగ్గట్టు మార్చుకుంది, ఇంతకంటే మంచి జవాబు ఏముంటుంది.

సౌండ్ కూడా అంతే. మొదటి కట్‌లో ప్రతి షాట్‌కీ ఒక ఢమాల్. ఫైనల్‌లో మ్యూజిక్ దాదాపు లేదు, ఎఫ్ఎంలో ఎవరో ఆర్జే నవ్వుతున్న గొంతు, లిఫ్ట్ మోటారు రొద, ఆ లిఫ్ట్ సౌండ్ కూడా లిఫ్ట్ కనపడకముందే, అమ్మాయి ఇంకా గ్లాసు వైపు చూస్తుండగానే మొదలైంది. అంటే పైనుంచి ఎవరో వస్తున్నారు, ఆ పిల్ల ఇంకా బటన్ నొక్కలేదు. మెడ వెనక వెంట్రుకలు లేచాయి నాకు. అలా బొమ్మ కంటే ముందే సౌండ్ రావడాన్ని ఎడిటింగ్‌లో జె కట్ అంటారు, పేరు తెలిస్తే పేరు రాయి, కానీ పేరు రాసి ఆగిపోకు, ఆ సౌండ్ ఒక సెకను ముందుకి జరిపినప్పుడు నీకేం అనిపించిందో అది రాయి. ఒక్కటి గుర్తుంచుకో, ఆ ఆర్జే గొంతు నిజం ఎఫ్ఎంది అయితే అది మీరు తీసిన ఆడియో కాదు, కాపీరైట్ లేనిదీ కాదు. మీ ఫ్రెండ్ చేత నాలుగు ముక్కలు మాట్లాడించి రికార్డ్ చేసి మార్చెయ్యి, సబ్మిషన్‌కి ముందే.

టైటిల్స్‌లో నీ పేరు మొదటి కట్‌లో అందరికంటే ముందు పడింది, ఫైనల్‌లో చివరికి వెళ్ళింది, మంచిది, డైరెక్టర్ కార్డ్ ఆఖర్న పడటం మన తెలుగు సినిమాల్లో కూడా ఉన్నదే. ఆడియన్స్ గురించిన ప్రశ్న దగ్గర మాత్రం "నా ఫిల్మ్‌కి 15 సర్టిఫికెట్" అని రాశావు. అది బ్రిటన్‌లో ఇచ్చేది. లండన్ పిల్లల బ్లాగులు చూసి దింపావని ఇట్టే తెలిసిపోతుంది. 2024 రూల్స్ వచ్చాక మన సెన్సార్ యూఏ సర్టిఫికెట్‌లో 7+, 13+, 16+ అని మూడు రకాలు పెట్టింది, నీ ఓపెనింగ్‌లో రక్తం లేదు కత్తి లేదు కాబట్టి 13+ అడగొచ్చు, హుడీవాడు ఉండుంటే 16+ అనేవాళ్ళేమో అని కూడా ఒక మాట అను, అప్పుడు వాణ్ణి తీసెయ్యడం వల్ల ఆడియన్స్ కూడా ఎలా పెరిగారో చెప్పినట్టవుతుంది.

గ్రూప్ ప్రాజెక్ట్ కదా, కెమెరా ఎవరు పట్టుకున్నారో నాకు తెలీదు, నువ్వు పట్టుకోని చోట నేను నేర్చుకున్నాను అని రాయకు. ఫ్రేమ్ నీ ఫ్రెండ్ పెట్టి కట్ నువ్వు చేశావనుకో, కట్ గురించే రాయి. టీ గ్లాసు ఐడియా ఎవరిదో వాళ్ళ పేరు చెప్పు, నీదే అయితే నీదే అని ధైర్యంగా చెప్పు.

ఇంకోటి, రానివి కూడా రాయి. ఇప్పటికీ నీ ఓపెనింగ్‌లో ఒక చోట నాకు అతకలేదు. అమ్మాయి వాళ్ళమ్మకి ఫోన్ చేసి "అమ్మా నేను సెల్లార్‌లో ఉన్నా, వాచ్‌మన్ యాదగిరన్న కనపడట్లేదు, భయంగా ఉంది" అంటుంది. మనకి కనపడుతున్నదే మళ్ళీ చెప్తోంది. భయంగా ఉన్న పిల్ల భయంగా ఉంది అనదు, "అమ్మా, పాలు ఏమైనా తేవాలా" అంటుంది, అని ఫోన్ పెట్టకుండా మాట్లాడుతూనే ఉంటుంది, ఊరికే గొంతు వినపడాలని. రీషూట్‌కి టైమ్ ఉంటే మార్చు, లేదంటే ఈ డైలాగ్ ఇప్పుడు రాస్తే ఎలా రాసేదాన్నో అని రిఫ్లెక్షన్‌లో చెప్పు. మార్కులు పోతాయని భయపడకు, తన పనిలో లోపం తనే పట్టుకోగలిగిన పిల్ల అంటే ఎగ్జామినర్‌కి కోపం ఎందుకొస్తుంది.

నేను వారపత్రికలకి సీరియల్స్ రాసే రోజుల్లో కొట్టేసిన కాగితాలన్నీ ఒక అట్టపెట్టెలో పడేసేదాన్ని, మీ తాతయ్య చిత్తుకాగితాలవాడికి వేసెయ్యమని గొడవ. కొట్టేసిన పేరా, దాని బదులు రాసిన పేరా పక్కన పెట్టుకుంటే తప్ప నాకు నా చెయ్యి ఎటు పోతోందో తెలిసేది కాదు. నువ్వు చూస్తే ఒకే ప్రాజెక్ట్ ఫైల్ మీద సేవ్ కొట్టుకుంటూ పోతావు, పాతది పోతుంది. ఆ రఫ్ కట్ నాకు పంపావు కాబట్టి బతికింది, లేకపోతే హుడీవాడు ఉండేవాడని నిరూపించడానికి నీ దగ్గర ఏముంది? ఇప్పట్నుంచి ప్రతి కట్‌కీ డేట్ వేసి వేరే పేరుతో సేవ్ చెయ్యి, పక్కన నోట్స్‌లో రెండు లైన్లు, ఏం తీశాను, ఎందుకు. అంతే, పెద్ద డైరీ అక్కర్లేదు.

చివర్లో లిఫ్ట్ తలుపు తెరుచుకుని లోపల ఒక్క హవాయి చెప్పు కనపడుతుంది చూడు, అది అద్భుతం, దాని మీద ఒక్క ఫ్రేమ్ కూడా పెంచకు. మీ ఫ్రెండ్ ఇంకో రెండు సెకన్లు ఉంచుదాం అంటోందని రాశావు, వద్దను.

కొత్త డ్రాఫ్ట్ ఆదివారం లోపల పంపు, వాయిస్ ఓవర్‌తో. వాట్సాప్‌లో పంపకు, క్వాలిటీ చంపేస్తుంది, ఆ టీ మీద తొరక కనపడదు. డ్రైవ్ లింక్ పెట్టు, యాక్సెస్ ఇవ్వడం మర్చిపోకు, కిందటిసారి రిక్వెస్ట్ పెట్టి కూర్చున్నా.

మీ పెద్దమ్మ