స్పృహ, చైతన్యం, అనుభూతి: ఏది ఎక్కడ?

సందేహం: ‘కాన్షస్‌నెస్’ను వైద్యులు స్పృహ అంటారు. తత్త్వశాస్త్ర వ్యాసాల్లో చైతన్యం అని కనబడుతోంది. రెండూ ఒకటేనా? ‘సబ్జెక్టివ్ ఎక్స్‌పీరియన్స్’ను ‘ఆత్మాశ్రయ అనుభవం’ అనవచ్చా?

సమాధానం: ఒకటి కావు. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. ఒంటిమీద తెలివి ఉండటమనే అర్థం మన వాడుకలో స్థిరపడింది. పాత అర్థం జాడ ‘నిస్పృహ’లో మిగిలింది. అందుకే మూర్ఛపోయినవాడు ‘నిస్పృహలో ఉన్నాడు’ అని రాస్తే తప్పు.

వైద్యులు చెప్పే స్పృహకు కొలత ఉంది. 1974లో వచ్చిన గ్లాస్గో కోమా స్కేలు, ఇప్పటి రూపంలో, కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 వరకు మార్కులు వేస్తుంది. మొత్తం 3 నుంచి 15. కొలిచేది పైకి కనబడే స్పందననే. కలలో పామును చూసి వణికిపోతున్న మనిషి సంగతేమిటి? మెలకువ లేదు, భయం మాత్రం నిజంగా ఉంది. ఆ భయానికి ‘స్పృహ’ అన్న మాట అతకదు.

తత్త్వవేత్తల చిక్కు ఆ భయం దగ్గరే మొదలవుతుంది. గబ్బిలం మెదడు గురించి అంతా తెలిసినా, గబ్బిలంగా ఉండటం దానికి ఎలా ఉంటుందో మనకు అందదని అదే 1974లో థామస్ నేగెల్ వాదించాడు. మెదడు చేసే పనులన్నీ వివరించాక కూడా, వాటి వెంట ఈ లోపలి అనుభూతి ఎందుకుండాలన్న ప్రశ్న మిగులుతుందని, అదే కఠిన సమస్య అని 1995లో డేవిడ్ చామర్స్ అన్నాడు.

ఈ తేడాను తెలుగు విభక్తితోనే పట్టుకుంటుంది, గమనించండి. ‘నేను తింటున్నాను’లో కర్త నేను. ‘నాకు ఆకలేస్తోంది’లో కర్త ఆకలి; మనిషి ‘కు’ చేరి, ఆకలి కలిగే చోటుగా మిగులుతాడు. చలి, దాహం, భయం అన్నిటిదీ ఇదే తీరు. ‘ఫోనుకు చార్జింగ్ తగ్గింది’ మామూలు వాక్యమే; ‘ఫోనుకు ఆకలేస్తోంది’ అంటే మాత్రం అలంకారం. ఇది భాష చెప్పే సాక్ష్యమే తప్ప తత్త్వ నిర్ణయం కాదు, కానీ అనువాదకుడికి ఎంతో పనికొస్తుంది.

ఇక ‘ఆత్మాశ్రయ అనుభవం’. తర్కశాస్త్రంలో ఆత్మాశ్రయం ఒక దోషం పేరు, సాహిత్య విమర్శలో ఒక కవితా ధోరణి. మామూలు పాఠకుడికేమో సొంత అభిప్రాయమన్న ధ్వని వినిపిస్తుంది. పైగా ‘పదేళ్ళ అనుభవం’లో అనుభవం అంటే పోగుపడిన నేర్పు. పంటినొప్పి నేర్పు కాదు, అనుభూతి. అందుకని ‘అనుభూతి’ అనండి. ఎవరిదో నొక్కి చెప్పాలంటే ‘స్వీయానుభూతి’.

చైతన్యాన్ని మొత్తం విషయానికి పెద్ద పేరుగా ఉంచుకోవచ్చు. వార్తల్లో ‘ఓటర్ల చైతన్యం’ చదివే కళ్ళకు అది వేరే అర్థమిస్తుంది కాబట్టి మొదటిసారి వాడినప్పుడే ఒక వాక్యంలో నిర్వచించండి. చామర్స్ ప్రశ్నను ఇలా రాయవచ్చు: ‘మెదడులో జరిగే పనుల వెంట అనుభూతి ఎందుకు కలుగుతోంది?’