గోల్ఫ్ సంతకాల కోసం గురుగ్రామ్ వెళ్తున్న మా అమ్మాయికి

రాజోలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు సెలవు పెట్టి మహిళల ఇండియన్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూడటానికి గురుగ్రామ్ వెళ్తున్నావనీ, క్రీడాకారిణుల సంతకాల కోసం పుస్తకం కూడా కొన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. పోస్టాఫీసు ఉద్యోగంలో ఉండగా దేశదేశాల ఆటగాళ్ళకు ఉత్తరాలు రాసి సంతకాలు తెప్పించుకున్న పిచ్చి మన ఇంట్లో నాతోనే సరి అనుకున్నాను. సంతోషమే గానీ, నాలుగు మాటలు రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

టోపీ, మంచినీళ్ళు, సౌకర్యమైన చెప్పులు నీకు చెప్పనక్కరలేదు. ఆట మొదలయ్యే ముందు ఎవరినీ పలకరించకు. బంతి కొట్టేటప్పుడు ఫోను మోగిందా, నీకే తలవంపులు. ఆఖరిదైన పద్దెనిమిదో హోల్ పూర్తి కాగానే పెన్ను పట్టుకుని ఎదురు వెళ్ళడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అప్పుడు వాళ్ళు స్కోరుకార్డు సరిచూసి సంతకం పెట్టి అప్పగించాలి. 1968 మాస్టర్స్ పోటీ చివరి రోజున అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విచెంజో 17వ హోల్ 3 దెబ్బల్లో ముగిస్తే, జతగా ఆడిన టామీ ఆరన్ కార్డులో 4 వేశాడు. డి విచెంజో చూసుకోకుండా సంతకం పెట్టేయడంతో ఆ రోజు లెక్క 65 దెబ్బలు కాస్తా 66 అయింది. తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు కదా, సమానంగా నిలిచిన బాబ్ గోల్బీతో విజేతను తేల్చే ప్లేఆఫ్ ఆడే అవకాశమే పోయింది. కాబట్టి కార్డు ఇచ్చి బయటికి వచ్చేదాకా పక్కన నిలబడు.

బంతి మీద సంతకం అడగకు. గుంటల మీద పెన్ను సాగదు, టైగర్ ఉడ్స్ అయితే బంతుల మీద సంతకం చేయడనే ప్రసిద్ధి. హోల్ దగ్గర పాతే జెండా గుడ్డ అయితే వెనక గట్టి అట్ట పెట్టి, నాలుగు మూలలా క్లిప్పులు బిగించి ఇవ్వు. గుడ్డ ముడత పడితే అక్షరం విరుగుతుంది. నల్ల మార్కరు రెండు ఉంచుకో, మూత నువ్వే తీసి అందించు. విదేశాలకు ఉత్తరం రాసి అడిగేటట్లయితే, జవాబు కవరు మీద ఆ దేశపు స్టాంపులే ఉండాలి. మన స్టాంపులు అక్కడ చెల్లవు. ఆన్‌లైన్లో అమ్మేవి మాత్రం కొనకు. సంతకాన్ని యంత్రంతో గీయించే పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న కుర్రతనంలో నన్ను చూసి అమెరికా గోల్ఫ్ ఆటగాడు ఆర్నాల్డ్ పామర్‌కు ఉత్తరం రాశాడు, సంతకం చేసిన రంగు ఫోటో వచ్చింది. పామర్ ప్రతి అక్షరం చదవగలిగేలా సంతకం చేసేవారు, కుర్ర ఆటగాళ్ళనూ అలాగే చేయమనేవారు. ఆ సంతకం బడిపంతులు రాసిచ్చిన ఒరవడిలా ఉండేది. రేషన్ కార్డు, పదో తరగతి మార్కుల లిస్టు లామినేషన్ చేయించిన రోజులు కదా, ఇది కూడా భద్రంగా ఉంటుందని వాడు అదే షాపుకు తీసుకెళ్ళాడు. యంత్రం వేడికి ఫోటో మెరుపు ప్లాస్టిక్‌కు అంటుకుపోయింది, సిరా అంచుల్లో నీలంగా అలుముకుంది. ఆ శ్రావణం ముసురుకు మూల విచ్చుకుని లోపలికి చెమ్మ దూరింది. వర్షాకాలం వెళ్ళేసరికి పామర్ చొక్కా మీద బూజు చుక్కలు. బయటికి తీద్దామంటే ముఖమంతా పొరలుగా ఊడి వస్తుంది. నేను అరిచిన అరుపులకు వాడు అన్నం తినకుండా గోదావరి గట్టు మీద కూర్చున్నాడు. ఇప్పటికీ దాన్ని పారేయలేదు, నాకు తెలుసు. పామర్ 2016లో పోయారు, ఇక ఎవరిని అడుగుతాం?

మన ఊళ్ళ గాలిలోనే నీళ్ళుంటాయి తల్లీ, నా భయమంతా అదే. 1996 నవంబరు తుపానులో నా పెట్టె అటక మీద ఉండబట్టి బతికింది. నువ్వు తెచ్చినవి ఆమ్లం లేని కాగితాల మధ్య, సిలికా జెల్ పొట్లాలు వేసిన బిగుతు మూత డబ్బాలో, ఎండ తగలని పై అరలో పెట్టు. నాసిరకం ప్లాస్టిక్ కవర్లు వద్దు. తేదీ, చోటు వేరే చీటీ మీద రాసి జత చెయ్యి.

అదితీ అశోక్ ఆడుతూ ఉంటే ఆమెను వదలకు. 2016లో ఇదే పోటీ గెలిచిన అమ్మాయి, టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క దెబ్బ తేడాలో పతకం తప్పింది. మీ నాన్న పేరు వేసి సంతకం పెట్టమని అడుగు. పేరు వేసిన సంతకానికి బజారులో ధర తగ్గుతుందంటారు, తగ్గనీ, మనం అమ్ముతామా? పేరు ముందే చీటీ మీద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపించు, లేకపోతే వాడి పేరులో రెండు అక్షరాలు ఎగిరిపోతాయి.