టెక్ సందేహాలు: వొత్తు విడిపోని నేమ్ ప్లేటు

విశాఖ ద్వారకానగర్ నుంచి ఒక పాఠకుడు: నమస్కారం సార్. మాది ఐదంతస్తుల కమర్షియల్ కాంప్లెక్స్. అసోసియేషన్ పనులు నేనే చూస్తాను. లిఫ్ట్ పక్కన డైరెక్టరీ బోర్డు ఉంది, అల్యూమినియం పట్టాల మధ్యకి ఒక్కో ఆఫీసు ప్లేటు జరిపి పెట్టే రకం. మొదట చేసిన షాపు ఇప్పుడు లేదు. కొత్తగా ఎవరైనా దిగినప్పుడల్లా దొరికిన చోట ప్లేటు చేయిస్తున్నాం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, అక్షరాలు తలో రకం. ఈమధ్య చేయించిన మూడింట్లో తెలుగు వొత్తులు విడిపోయి వచ్చాయి. ఒక ఆడిటర్ గారు తన పేరు చూసుకుని చాలా బాధపడ్డారు. బోర్డు మొత్తం మార్చాలంటే ఖర్చు. ఏదైనా దారి చెప్పండి.

బోర్డు మార్చకండి. పట్టాలు వంకర పోకుండా ఉంటే ఆ ఫ్రేము ఇంకా చాలా ఏళ్లు పనికొస్తుంది.

ముందు ఆడిటర్ గారి పేరు సంగతి చూద్దాం. మిగతావన్నీ కొలతల ఇబ్బందులు, ఇది మనిషి పేరు. తప్పుగా రాసిన సొంత పేరు పక్క నుంచి రోజూ లిఫ్ట్ ఎక్కడం ఎవరికైనా కష్టమే. నాకూ ఇలాగే జరిగింది. కొన్నేళ్ల కిందట మా ఆఫీసు గది ప్లేటు కోసం పేరు వాట్సాప్‌లో టైప్ చేసి ఒక షాపుకు పంపాను. ఫోన్‌లో చక్కగా కనిపించిన పేరు ప్లేటు మీదికి వచ్చేసరికి వొత్తులన్నీ పోయి పొల్లులు మిగిలాయి. "మీరు పంపిందే వేశాను సార్" అని షాపు కుర్రాడు నా మెసేజీ చూపించాడు. అతను చెప్పిందీ నిజమే.

సుబ్రహ్మణ్యం అనే పేరు తీసుకోండి. మన కంటికి 'బ్ర' ఒకటే అక్షరం. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి కోడింగ్) లెక్కలో అది మూడు ముక్కలు: బ, పొల్లు, ర. ఈ మూడింటినీ కలిపి బ కింద క్రావడి కూర్చోబెట్టే పని ఫాంటూ సాఫ్ట్‌వేరూ కలిసి చేయాలి. ఫోన్‌కి ఆ పని వచ్చు. బోర్డు షాపుల్లో ఎక్కువగా కనిపించే కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లకు రాదు. అందుకే 'సుబ్‌రహ్‌మణ్‌యం' అని తయారవుతుంది. యూనికోడ్ 1991లో మొదటి వెర్షన్ వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. లోపం తెలుగుది కాదు, ఆ కంప్యూటర్‌లో ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌ది.

చాలా షాపుల్లో తెలుగు పనికి అను ఫాంట్లు వాడుతారు. వాటిలో వొత్తులు విడి విడి బొమ్మలుగా ఉంటాయి. చేయి తిరిగిన ఆపరేటర్ టైప్ చేస్తే అందంగా వస్తుంది కూడా. కానీ వాటి కోడింగ్ వేరు. మీ ఫోన్ నుంచి వెళ్లిన తెలుగును వాటిలో నేరుగా పేస్ట్ చేస్తే రాదు. అక్కడ చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనిపిస్తుంది.

కాబట్టి షాపుకు టైప్ చేసిన పేరు పంపకండి. గీతలుగా మార్చిన పేరు పంపండి. ఇంక్‌స్కేప్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుగు వొత్తులను సరిగ్గా చూపిస్తుంది. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డైరెక్టరీ బోర్డుకు నా ఓటు మండలికి. ఆఫీసు పేరు లావుగా, దూరానికి కొట్టొచ్చినట్టు కావాలంటే రామభద్ర. ఇంక్‌స్కేప్‌లో పేరు టైప్ చేసి, సరిగ్గా ఉందని చూసుకున్నాక పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కండి. ఆ క్షణం నుంచి అది అక్షరం కాదు, బొమ్మ. ఏ కంప్యూటర్‌లో తెరిచినా విడిపోదు. దాన్ని పీడీఎఫ్‌గా సేవ్ చేసి షాపుకు ఇవ్వండి. షాపువాళ్లు దీన్నే 'కర్వ్స్ చేయడం' అంటారు.

ఇక్కడ ఇంకొక్క మెట్టు ఉంది, చాలామంది దాటేస్తారు. తెలుగులో వొత్తు, గుడి, కొమ్ము అసలు అక్షరం మీదికి కాస్త ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద తెలియదు. స్టిక్కర్ కటింగ్ మెషీన్ మాత్రం ప్రతి గీతనూ విడిగా కోస్తుంది కాబట్టి అక్షరం మధ్యలో అడ్డంగా బ్లేడు పడుతుంది. గుడి ఊడి చేతికొస్తుంది. గీతలుగా మార్చాక అన్నీ ఎంచుకుని 'యూనియన్' కొట్టండి, కోరల్‌లో అయితే 'వెల్డ్'. తర్వాత అవుట్‌లైన్ వ్యూలో (రంగు లేకుండా గీతలు మాత్రమే కనిపించేలా) చూస్తే ఒక గీత మీద ఇంకో గీత ఎక్కిన చోట్లు మిగలకూడదు.

ఇప్పుడు కొలతలు. బాగున్న పాత ప్లేటు ఒకటి పట్టాల్లోంచి జాగ్రత్తగా బయటికి లాగండి. పొడవు, ఎత్తు, మందం వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మందం ముఖ్యం. అర మిల్లీమీటరు ఎక్కువైనా పట్టాలో దూరదు, తక్కువైతే గాలికి టకటకలాడుతుంది. తర్వాత ప్లేటును ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద బోర్లించి 300 డీపీఐలో స్కాన్ చేయించండి. ప్లేటు ఊడిరాకపోతే ఫోన్‌తో ఫోటో తీయండి, కానీ దగ్గరికెళ్లి కాదు. దగ్గర నుంచి తీస్తే అంచులు వంగుతాయి. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ చేసి, ప్లేటు పక్కన స్టీలు స్కేలు ఆనించి తీయండి. అక్షరం ఎత్తు కొలిచేటప్పుడు వొత్తూ గుడీ లేని 'న' లాంటి అక్షరాన్ని ఎంచుకోండి.

అక్షరం సైజుకు బోర్డుల పనిలో ఒక మోటు లెక్క ఉంది: మూడు మీటర్ల దూరానికి సుమారు 25 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే హాయిగా చదవొచ్చు. లిఫ్ట్ దగ్గర మనిషి బోర్డుకు ఇంకా దగ్గరగానే నిలబడతాడు కాబట్టి అంతకంటే తగ్గినా నడుస్తుంది. అయితే ఈ లెక్క ఇంగ్లిష్ పెద్దక్షరాలకు పుట్టింది. తెలుగుకు పైన గుడి, కింద వొత్తు ఉంటాయి. ఇంగ్లిష్ వరుసకు సరిపోయిన పట్టీలో తెలుగు పెట్టాలని అక్షరాన్ని నొక్కేస్తే 'స్త్రీ వైద్య నిపుణులు' అన్న మాట చీమల బారులా తయారవుతుంది. పట్టీ ఎత్తు పెంచలేనప్పుడు పక్కన ఉన్న డిగ్రీలు తీసేయండి, పేరు మాత్రం చిన్నది చేయకండి. డిగ్రీలు గది తలుపు మీద రాసుకోవచ్చు.

మెటీరియల్‌కి వస్తే, మీ రకం బోర్డుకు రెండు పొరల ఎన్‌గ్రేవింగ్ షీటు మంచిది. పైన ఒక రంగు, లోపల ఇంకో రంగు ఉంటాయి. పై పొర గీకితే లోపలి రంగు అక్షరంగా బయటపడుతుంది. ఎండకు స్టిక్కరు అంచులు లేచినట్టు ఇది లేవదు. ఒకవేళ ఎవరైనా చవగ్గా పీవీసీ ఫోమ్ షీటు తెచ్చి లేజర్ మీద కోసిస్తామంటే వద్దనండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. మెషీన్ తుప్పు పడుతుంది, ముందు ఆ కుర్రాడి ఊపిరితిత్తులు పాడవుతాయి. ఫోమ్ షీటును కట్టర్‌తోనో, రౌటర్ అనే కోత మెషీన్‌తోనో కోయాలి.

రంగు కలవడం లేదన్న బెంగ కూడా ఉంటుంది మీకు. పదేళ్ల పాత ప్లేటు పక్కన కొత్తది ఎప్పటికీ కలవదు. నేనైతే ఒక్క ప్లేటు మార్చను, ఆ అంతస్తు ప్లేట్లన్నీ ఒకేసారి మారుస్తాను. తీసినవాటిలో బాగున్నవి మిగతా అంతస్తుల్లో విరిగినవాటికి బదులు కొత్తవి చేయించేటప్పుడు నమూనాగా పనికొస్తాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే అదే షీటులోంచి పది ఖాళీ ప్లేట్లు అదనంగా కోయించి అసోసియేషన్ బీరువాలో పెట్టండి. తర్వాత ఎవరు దిగినా వాటి మీదే చెక్కించవచ్చు.

ఒక ఎక్సెల్ షీటు తెరవండి: అంతస్తు, గది నంబరు, తెలుగు పేరు, ఇంగ్లిష్ పేరు, ఫాంటు, ప్లేటు చేయించిన తేదీ. దానితోపాటు ఆ పీడీఎఫ్‌లన్నీ అసోసియేషన్ మెయిల్‌తో తెరిచిన గూగుల్ డ్రైవ్‌లో ఉంచండి. సెక్రటరీ సొంత మెయిల్‌లో వద్దు. రేపు మీరు పదవి దిగితే ఫైళ్లూ మీతోనే పోతాయి. షాపుకు ఇచ్చే ముందు ప్రతి పేరునూ అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, ఆ పేరు గల మనిషికే చూపించి సంతకం తీసుకోండి. ఆడిటర్ గారి దగ్గరికి మీరే వెళ్లండి.

రుషికొండ నుంచి ఒక పాఠకురాలు: మా ఐటీ ఆఫీసు గేటు దగ్గర స్టీలు అక్షరాల బోర్డు పెట్టించి ఏడాది కాలేదు. గోధుమరంగు మరకలు వచ్చాయి. స్టెయిన్‌లెస్ అని చెప్పి మోసం చేశారా?

మోసం అని ఒక్కసారే అనలేమమ్మా. బోర్డుల్లో మామూలుగా వాడే స్టెయిన్‌లెస్ స్టీలు 304 గ్రేడు. సముద్రం నుంచి వచ్చే ఉప్పు గాలికి దాని మీద టీ ఒలికినట్టు మరకలు పడతాయి. ఈ పనివాళ్లు దాన్ని 'టీ స్టెయిన్' అనే అంటారు. సముద్రం ఒడ్డుకు 316 గ్రేడు కావాలి. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునేది అదే. బీచ్ రోడ్డులో, రుషికొండలో బోర్డు చేయించేవాళ్లు కొటేషన్‌లో 'ఎస్ఎస్' అని ఊరుకోకుండా గ్రేడు నంబరు రాయించుకోవాలి. స్క్రూలు కూడా అదే గ్రేడు. మామూలు ఇనుప స్క్రూ ఒక్కటి ఉన్నా దాని తుప్పు కిందికి కారి మొత్తం బోర్డును పాడుచేస్తుంది.

ఇప్పుడున్న మరకలను సబ్బు నీళ్లతో, మెత్తటి గుడ్డతో, స్టీలు గీతలు ఏ వైపు ఉన్నాయో ఆ వైపే తుడవండి. తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. వానకు తడవని చోట ఉన్న బోర్డుకు ఇది ఇంకా అవసరం, ఎందుకంటే ఉప్పును కడిగే వాన దాని మీద పడదు. అంట్లు తోమే స్టీలు పీచు ముట్టించకండి. దాని ఇనుప రజను అక్కడే ఉండిపోయి కొత్త తుప్పు మొదలవుతుంది. బాత్‌రూమ్ యాసిడ్ అసలే వద్దు.

ఎం.వి.పి. కాలనీ నుంచి: డైరెక్టరీ బోర్డు మీద క్యూఆర్ కోడ్ పెట్టించాం. ఆరు నెలలకే పనిచేయడం మానేసింది. చెరిగిపోలేదు, బాగానే ఉంది. ఎందుకు?

మీది డైనమిక్ కోడ్ అయి ఉంటుంది. అది నేరుగా మీ పేజీకి కాకుండా, కోడ్ తయారుచేసిన సైటు మీదుగా వెళ్తుంది. అక్కడి చందా గడువు అయిపోతే దారి మూసుకుపోతుంది. లోహం మీద చెక్కించే కోడ్‌కు నేరుగా మీ పేజీకే వెళ్లే స్టాటిక్ రకమే తీసుకోండి, మీ సొంత వెబ్‌సైట్ చిరునామాతో. తయారుచేసేటప్పుడు ఎర్రర్ కరెక్షన్ 'హెచ్' పెట్టండి, సుమారు 30 శాతం పాడైనా చదువుతుంది. చుట్టూ ఖాళీ అంచు వదలండి, మెరిసే ఉపరితలం వద్దు.

సిరిపురం నుంచి: ప్లేట్ల గొడవే లేకుండా లాబీలో 43 అంగుళాల టీవీ పెట్టేస్తే?

పెట్టండి, పేర్లు మార్చడం నిజంగా సులువు. గూగుల్ స్లైడ్స్‌లో పేర్ల పట్టిక చేసి 'పబ్లిష్ టు ద వెబ్' నొక్కితే ఒక లింకు వస్తుంది. టీవీకి తగిలించిన చిన్న కంప్యూటర్‌లో దాన్ని తెరిచి ఉంచితే, మీరు ఎక్కడ కూర్చుని మార్చినా కాసేపట్లో లాబీలో మారుతుంది. ఇంటి టీవీలు రోజంతా ఒకే బొమ్మ చూపించడానికి చేసినవి కావు. ముఖ్యంగా ఓఎల్ఈడీ అయితే అక్షరాల నీడ తెర మీద నిలిచిపోతుంది. గంటల తరబడి నడిచే సైనేజ్ ప్యానెల్ తీసుకోండి.

కానీ పాత బోర్డు గోడ నుంచి తీయకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మన ఊళ్లో కరెంటు లేక ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజున మీ బిల్డింగ్‌లోకి ఫైర్ సిబ్బందో అంబులెన్స్ మనుషులో వస్తే, టార్చి వెలుగులో కనిపించేది గోడ మీది ప్లేటే. కనీసం అంతస్తు, గది నంబర్లు, డాక్టర్ల పేర్లయినా చెక్కినవి ఉండాలి.

డాబాగార్డెన్స్ నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మ ఇరవై ఏళ్లు ఒక కాంప్లెక్స్‌లో క్లినిక్ నడిపారు. ఈ సంవత్సరం పోయారు. గది ఖాళీ చేశాం. డైరెక్టరీ బోర్డు మీద అమ్మ పేరున్న యాక్రిలిక్ ప్లేటు డబుల్ టేపుతో అతికించి ఉంది. విరగకుండా తీసి ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. వాచ్‌మన్ ఉలితో పీకేస్తానంటున్నాడు.

ఉలి వద్దని చెప్పండమ్మా. యాక్రిలిక్ మూల నుంచి పగుళ్లు తీస్తుంది. ఒక మనిషిని తోడు తీసుకుని మీరే తీయండి, కష్టం కాదు.

తీయకముందే ప్లేటును బోర్డుతో సహా ఎదురుగా నిలబడి ఫోటో తీసుకోండి. తర్వాత ఇంట్లో తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రైయర్‌తో ప్లేటును రెండు మూడు నిమిషాలు వేడి చేయండి. ఒకే చోట ఉంచకుండా కదుపుతూ ఉండాలి. షాపుల్లో ఉండే హీట్ గన్ వద్దు, యాక్రిలిక్ వంగిపోతుంది. టేపు మెత్తబడ్డాక చేపలు పట్టే నైలాన్ దారం ఒక మూర తీసుకుని, రెండు కొసలూ చేతి వేళ్లకు చుట్టుకుని, ప్లేటుకూ బోర్డుకూ మధ్య పై మూల నుంచి దూర్చండి. రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ కిందికి రండి. దారం బిగిస్తే మళ్లీ వేడి చేయండి, బలం పెట్టకండి. కింద తోడున్న మనిషి రెండు చేతులూ ప్లేటుకు ఆనించి ఉండాలి, చివరి అంగుళం దగ్గర ఒక్కసారిగా ఊడిపోతుంది.

వెనక మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలు చుడుతూ తీయండి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగేయండి. స్పిరిట్, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం దగ్గరికి రానివ్వకండి. వాటితో యాక్రిలిక్ లోపల సన్నని వెంట్రుక పగుళ్లు వస్తాయి, అక్షరాల్లో నింపిన రంగు కూడా కరిగిపోతుంది.