ఏరేటర్లు ఆగితే పెదనాన్నకు మెలకువ

బుజ్జమ్మా,

నీ ఉత్తరం అందింది. డిగ్రీలో సైకాలజీ తీసుకున్నావని విని ఎంత సంతోషించానో, "చేతనావస్థలు, అవధానం పాఠాలు ఎంత బట్టీ పట్టినా నిలవట్లేదు పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది" అన్న మాట చదివి అంత బెంగపడ్డాను. మెలకువ, నిద్ర, కల లాంటి మనసు స్థితుల గురించీ, ధ్యాస గురించీ ఉన్న ఆ పాఠాలే ఏళ్ల తరబడి చెప్పినదాన్ని కదా. వాటిని బట్టీ పట్టకు తల్లీ. ముందు నీలోనూ, నీ చుట్టూ ఉన్నవాళ్లలోనూ చూడు. ఆ తర్వాత పుస్తకం తెరువు.

మీ పెదనాన్న సంగతే తీసుకో. రొయ్యల చెరువు గట్టు మీద పాకలో పడుకుంటారు. పక్కనే చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఏరేటర్లు, తెల్లవార్లూ హోరెత్తిస్తూనే ఉంటాయి. ఆ హోరులో ఆయనకు హాయిగా నిద్ర పడుతుంది. కరెంటు పోయి అవి ఆగాయా, చటుక్కున లేచి టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగెడతారు. ఆలస్యమైతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గి పంటంతా పోతుంది మరి. చప్పుడులో నిద్రపోయి, నిశ్శబ్దానికి మేలుకుంటారు! నిద్ర అంటే దీపం ఆర్పేయడం కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నిద్రలోనూ మెదడు కాపలా కాస్తూనే ఉంటుంది. 1960లో ఆస్వాల్డ్, టేలర్, ట్రీస్‌మన్ అనే పరిశోధకులు నిద్రపోతున్నవాళ్లకు రకరకాల పేర్లు వినిపిస్తూ ఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే పరీక్ష, తీశారు. వేరే పేర్లకన్నా సొంత పేరు వినబడినప్పుడే మెదడు తరంగాల్లో కదలిక ఎక్కువగా కనిపించింది.

మెలకువలో జరిగేదీ దీనికి దగ్గరిదే. 1953లో చెర్రీ అనే పరిశోధకుడు ఒక్కో చెవిలో ఒక్కో ప్రసంగం వినిపించి, ఒకదాన్నే వింటూ తిరిగి పలకమన్నాడు. రెండో చెవిలో ఏం చెప్పారో దాదాపు ఎవరూ చెప్పలేకపోయారు. మగగొంతు ఆడగొంతుగా మారితే మాత్రం పసిగట్టారు. దాన్నిబట్టి 1958లో బ్రాడ్‌బెంట్, పట్టించుకోని మాటలను ఆపేసే వడపోత ఒకటి మెదడులో ఉందన్నాడు. మరుసటి ఏడాదే మోరే, వదిలేసిన చెవిలో సొంత పేరు పలికితే కొందరు పట్టుకుంటున్నారని చూపించాడు. పూర్తిగా మూసేస్తే పేరెలా లోపలికొచ్చింది? ఇక్కడ మన కాలువ లాకులు గుర్తు తెచ్చుకో. బ్రాడ్‌బెంట్ చెప్పింది తలుపులు బిగించేసిన లాకు. తర్వాత ఆన్ ట్రీస్‌మన్ (నిద్ర ప్రయోగంలోని ట్రీస్‌మన్ కాదు, ఈవిడ వేరు) చెప్పింది, తలుపులు దించినా సందుల్లోంచి నీళ్లు కారే లాకు. వదిలేసిన మాట ఆగిపోదు, సన్నబడుతుంది అంతే. ఈ తేడా రాసినవాళ్లకు నేనెప్పుడూ మార్కులు తగ్గించలేదు.

'అవధానం' అనే మాట చూసి భయపడకు. అది మన సొత్తు. కడియంలో పుట్టిన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారు, భీమవరం దగ్గర యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు తిరుపతి వెంకట కవులుగా ఊరూరా అవధానాలు చేసిన నేల మనది. అవధాని ఎనిమిది పనులూ ఒకే క్షణంలో చేస్తారని చాలామంది అనుకుంటారు. ఈసారి ముందు వరుసలో కూర్చుని చూడు. సమస్య ఇచ్చినవారికి ఒక పాదం చెబుతారు, దాన్ని మనసులో దాచి, ఇచ్చిన పదాలతో పద్యం కట్టే దత్తపది వైపు తిరుగుతారు, ఆ తర్వాత వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పే నిషిద్ధాక్షరి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి అడ్డం పడుతూనే ఉంటాడు. ఆయనకు జవాబిచ్చి, వదిలిన చోటికే తిరిగి వస్తారు. చివర్లో ధారణ, పద్యాలన్నీ గుర్తుపెట్టుకుని అప్పజెప్పడం. అంటే ధ్యాస ఒకదాని మీదినుంచి మరోదాని మీదికి మళ్లుతోంది. అలా మళ్లిన ప్రతిసారీ ఎవరికైనా కొంత కాలం, కొంత శక్తి ఖర్చవుతాయి. ఏళ్ల సాధనతో వాళ్లు ఆ ఖర్చు తగ్గించుకున్నారు. ఫోన్ పక్కన పెట్టుకుని చదివే నీకు ఆ సాధన లేదు కదమ్మా. అందుకే చదివే గంటసేపు ఫోన్ వేరే గదిలో పెట్టు. కాలువ గట్టు మీద బండి నడిపేటప్పుడైతే దాన్ని అసలు ముట్టుకోవద్దు. ఈ ఒక్క విషయంలో నన్ను బతిమాలించుకోకు.

ఇక నిద్ర. నా ఎంఏ పరీక్షలప్పుడు కాఫీ తాగి రాత్రంతా చదివాను. మర్నాడు హాల్లో, బాగా తెలిసిన ప్రశ్నకే కలం కదల్లేదు. ఆ బాధ ఇప్పటికీ మర్చిపోలేదు. నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా నడుస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది. కళ్లు రెప్పల కింద చకచకా కదిలే ఆర్‌ఈఎం నిద్ర, అంటే కలలు జోరుగా వచ్చే నిద్ర, తెల్లవారుజామున పొడవవుతుంది. 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దీన్ని లోకానికి తెలియజేశారు. చదివింది గుర్తుండటానికి నిద్ర కావాలి. "నాలుగింటికి లేచి చదువు" అని అమ్మ అంటే మంచిదే, కానీ తొమ్మిదింటికల్లా పడుకోనిస్తేనే అని చెప్పు. నా మాటగా చెప్పు.

జాగ్రత్, స్వప్నం, సుషుప్తి (మెలకువ, కల, గాఢనిద్ర) అని మన పెద్దలు చెప్పినవి తెలుసుకో, ఇష్టంగా చదువుకో. వాటిని ఈఈజీలో కనిపించే నిద్ర దశలతో ఒకటొకటిగా జతచేసి మాత్రం జవాబు రాయకు. కలలు ఆర్‌ఈఎంలోనే కాదు, మిగతా దశల్లోనూ వస్తాయి. ఆ రెండు చూపులకూ దేని దారి దానిదే.

ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కో. లేవగానే కల గుర్తుంటే రాయి. క్లాసులో ధ్యాస ఎప్పుడు జారింది, ఏది వెనక్కి లాగింది, నిద్రలోకి జారుతుంటే కాలు ఎప్పుడు ఉలిక్కిపడింది, అన్నీ రాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చుకో. ఒక రాత్రి మనమిద్దరం చెరువు గట్టు మీదే ఉందాం. కరెంటు పోయినప్పుడు మీ పెదనాన్న ఎన్ని క్షణాల్లో లేస్తారో నువ్వే గడియారం చూసి రాసుకుందువుగాని.

ఆశీస్సులతో,
పెద్దమ్మ